ప్రకృతి పెరిగే తీరును మట్టిలో పట్టుకోవడం: పొలుసుల సిరామిక్ పాత్రను తయారు చేసే విధానం

ప్రకృతిని చూసి సిరామిక్ పని చేయదలచినవారి ముందు రెండు దారులు ఉన్నాయి. కంటికి కనిపించిన రూపాన్ని ఉన్నది ఉన్నట్టుగా మట్టిలోకి దించడం మొదటిది. 16వ శతాబ్దపు ఫ్రెంచి కళాకారుడు బెర్నార్ పాలిసీ పాములు, బల్లులు, చేపలు, గుల్లల నుంచే నేరుగా అచ్చులు తీసి, వాటిని పెద్ద పళ్లేల మీద అమర్చి, రంగుల గ్లేజులతో (కాల్చినప్పుడు గాజులా మారే పూతలతో) కాల్చి ఆ దారిలో ఎంత దూరం వెళ్లవచ్చో చూపించాడు. రెండవ దారిలో మనం అనుసరించేది రూపాన్ని కాదు, ఆ రూపం ఏర్పడిన తీరును. డెన్మార్క్‌కు చెందిన ఆక్సెల్ సాల్టో (1889–1961) చేసిన స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) పాత్రల మీద మొగ్గలు లోపలి నుంచి తోసుకొని వస్తున్నట్టుగా ఉబ్బుతాయి. అవి ఏ మొక్కవో, ఏ కాయవో మనం పేరు పెట్టి చెప్పలేము. ప్రకృతి పైరూపాన్ని అనుకరించడం కంటే అది సృష్టించే పద్ధతిలో తానూ సృష్టించడమే కళాకారుడి పని అని సాల్టో నమ్మాడు. నేటి సిరామిక్ కళలో ప్రకృతి పేరుతో వస్తున్న మంచి పనిలో ఎక్కువ భాగం ఈ రెండవ దారిలోనే నడుస్తున్నదని నా అభిప్రాయం. ఈ వ్యాసం కూడా ఆ దారినే ఎంచుకుంటుంది.

ఇక్కడ వివరించేది ఒకే ఒక వస్తువు తయారీ: చేతితో కట్టిన, 15 సెం.మీ. వ్యాసమూ సుమారు 20 సెం.మీ. ఎత్తూ ఉన్న పాత్ర. దాని ఒంటి నిండా, పైన్ చెట్టు కాయ మీద పొలుసులు పెరిగే నియమాన్ని అనుసరించి మొలిచిన పొలుసులు. మట్టి పిసకడం, చుట్టలతో గోడ కట్టడం ఇప్పటికే కొంత అలవాటు ఉండి, ఎలక్ట్రిక్ బట్టీ అందుబాటులో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని దీనిని రాస్తున్నాను.

ముందుగా చూడటం నేర్చుకోవాలి

ప్రకృతి అనే పెద్ద మాటతో పని మొదలుపెడితే చేతికి ఏమీ దొరకదు. చేతిలో పట్టే ఒక్క వస్తువును ఎంచుకోండి: ఎండిన తామర దుద్దు, నత్తగుల్ల, బెరడు ముక్క, పైన్ కాయ, ఏదైనా సరే. నేల రాలినదాన్నే తీసుకోండి. బతికి ఉన్న పగడాన్ని గానీ, అరుదైన మొక్కను గానీ నమూనా కోసం తెంచడం ఈ పని ఉద్దేశానికే విరుద్ధం. ఆ వస్తువును కనీసం కొన్ని రోజుల పాటు బల్ల మీద ఉంచుకొని, వేర్వేరు వైపుల నుంచి గీయండి. బొమ్మ అందంగా రావలసిన అవసరం లేదు. ఆ బొమ్మలు కొన్ని ప్రశ్నలకు జవాబు చెబితే చాలు. ఈ రూపం ఎక్కడ మొదలయింది? ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పలచబడింది? ఏ భాగం పదే పదే వస్తోంది, అలా వచ్చిన ప్రతిసారీ అందులో ఏమి మారుతోంది? అంచు దగ్గర అది ఎలా ముగుస్తోంది?

తామర దుద్దునే తీసుకుంటే, పైన పళ్లెంలా కనిపించే భాగంలోని ప్రతి గుంటలో ఒక గింజ ఉంటుంది. దుద్దు ఎండే కొద్దీ గింజ చుట్టూ ఉన్న కండ కుంచించుకుపోతుంది, గింజ వదులై గలగలలాడుతుంది. అంటే ఆ గుంటను ఎవరూ తొలిచి చేయలేదు. ఎండటం వల్ల, కుదించుకుపోవడం వల్ల అది అలా మిగిలింది. మట్టి కూడా ఎండుతుంది, కుదించుకుపోతుంది. ఈ పోలికను గమనించినవారు గుంటను చాకుతో తొలచరు. తడి మట్టిలో గట్టి బంతిని నొక్కి ఉంచి, మట్టి దాని చుట్టూ కొంచెం బిగిసిన తరువాత బంతిని తీసేస్తారు. అప్పుడు గుంట అంచు సహజంగా పెదవి కట్టినట్టు వస్తుంది.

పైన్ కాయలో చూడవలసింది ఇంకా ఎక్కువ ఉంది. తడిసినప్పుడు దాని పొలుసులు మూసుకుంటాయి, ఎండినప్పుడు విచ్చుకుంటాయి. ప్రతి పొలుసులోనూ రెండు పొరలు ఉంటాయి. తేమ తగిలినప్పుడు ఒకటి ఎక్కువగా, రెండవది తక్కువగా ఉబ్బుతుంది, ఆ తేడా వల్లనే పొలుసు వంగుతుంది. అందుకే చెట్టు నుంచి రాలిన ఎండు కాయ కూడా ఈ పని చేస్తుంది. ఇక కాయను కింది నుంచి చూస్తే పొలుసులు రెండు దిశల్లో మెలితిరిగిన వరుసలుగా కనిపిస్తాయి. సాధారణంగా ఒక వైపు 8, మరో వైపు 13 వరుసలు, లేదా 5, 8 వరుసలు లెక్కకు వస్తాయి. ఒక పొలుసుకూ దాని తరువాత పుట్టిన పొలుసుకూ మధ్య ఉండే కోణం సుమారు 137.5 డిగ్రీలు. మన పాత్రకు కావలసిన రెండు సూత్రాలూ ఇక్కడే ఉన్నాయి: పొలుసు ఎక్కడ పుట్టాలి అనేది ఒకటి, అది ఎలా వంగాలి అనేది రెండవది.

మట్టి ఎంపిక

పాత్ర ఒంటికి గ్రాగ్, అంటే కాల్చి పొడి చేసిన మట్టి రవ్వ, కలిసిన స్టోన్‌వేర్ మట్టిని తీసుకోండి. గ్రాగ్ వల్ల గోడ నిలబడుతుంది, ఎండేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి. పొలుసులకు కూడా అదే మట్టి వాడటం అన్నిటికంటే క్షేమం. అయితే జల్లెడ పట్టి ముతక రవ్వను తీసేస్తే అంచులు సన్నగా లాగవచ్చు. పోర్సిలిన్‌తో, అంటే తెల్లని పింగాణీ మట్టితో, పొలుసులు చేయాలన్న కోరిక ప్రతివారికీ కలుగుతుంది, ఎందుకంటే పలచని చోట అది వెలుతురును లోపలికి రానిస్తుంది. కానీ స్టోన్‌వేర్ సాధారణంగా 10 నుంచి 13 శాతం దాకా కుదించుకుపోతే, పోర్సిలిన్ అంతకంటే ఎక్కువే కుదించుకుపోతుంది. ఆ తేడా అతుకు దగ్గర పగులుగా బయటపడుతుంది.

కాబట్టి పని మొదలు పెట్టే ముందే కొలత తీసుకోవాలి. వాడదలచిన ప్రతి మట్టితోనూ పలక కోసి, దాని మీద సరిగ్గా 10 సెం.మీ. గీత గీసి, ఎండిన తరువాత ఒకసారి, కాల్చిన తరువాత మరొకసారి కొలవండి. గీత 8.8 సెం.మీ. అయితే ఆ మట్టి 12 శాతం కుదించుకుపోయినట్టు. రెండు మట్టుల మధ్య తేడా ఒకటి రెండు శాతం మించితే వాటిని ఒకే పాత్రలో అతికించే ఆలోచన మానుకోవడం మంచిది. బాగా పలచని, బయటికి చాచుకున్న భాగాలు చేయదలిస్తే పేపర్‌క్లే ఉపయోగపడుతుంది. నీటిలో నానబెట్టి గుజ్జు చేసిన కాగితాన్ని తడి మట్టిలో కలిపి దీనిని తయారు చేస్తారు. కాగితపు పీచు మట్టిని పట్టి ఉంచడం వల్ల ఎండిన భాగానికి ఎండిన భాగాన్ని కూడా స్లిప్‌తో, అంటే నీళ్లు కలిపి జారుగా చేసిన మట్టితో, అతికించవచ్చు. బట్టీలో కాగితం కాలిపోయేటప్పుడు పొగ వస్తుంది కనుక గాలి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. తడి పేపర్‌క్లేను ఎక్కువ కాలం నిల్వ ఉంచితే కుళ్లి వాసన వేస్తుంది కాబట్టి కావలసినంతే కలుపుకోండి.

పాత్ర ఒళ్లు

ఇందులో కొత్త సంగతి పెద్దగా లేదు. అడుగుకు 8 మి.మీ. మందం పలకను కోసి, దాని మీద చుట్టలు పేరుస్తూ 7, 8 మి.మీ. మందం గోడ కట్టుకోండి. పూర్తిగా నిలువుగా కాకుండా, నడుము దగ్గర 15 సెం.మీ. వ్యాసం వచ్చి, పైన మెడ దగ్గర 7 సెం.మీ. దాకా సన్నబడేలా ఆకారం తీసుకురండి. పొలుసుల బరువంతా ఈ గోడే మోయాలి కనుక, చెక్క పలకతో బయటి నుంచి తడుతూ, లోపల చేయి ఆనించి గోడను గట్టిపరచండి. పూర్తయిన తరువాత ప్లాస్టిక్ కప్పి, మట్టి వేలి ముద్ర పడేంత మెత్తగానూ ఆకారం చెడనంత గట్టిగానూ ఉండే దశ వచ్చేదాకా ఆగాలి. స్టూడియోల్లో లెదర్‌హార్డ్ అని పిలిచే దశకు ఇది కొంచెం ముందు. గోడ అంతకంటే ఆరిపోతే పొలుసులు పట్టుకోవు.

పొలుసుల స్థానాలు గుర్తించడం

ఈ భాగానికి తీరిక కావాలి, ఎందుకంటే పాత్ర జీవం అంతా ఇక్కడే నిర్ణయమవుతుంది. చాలామంది పొలుసులను అడ్డ వరుసలుగా, ఒక వరుస మీద మరొక వరుసగా పేరుస్తారు. అది పెంకులు పరచిన ఇంటికప్పులా తయారవుతుంది తప్ప పెరిగిన వస్తువులా కనిపించదు. మొక్క వరుసలు పేర్చదు. అది ఒక్కొక్క పొలుసునే, ప్రతిసారీ అదే కోణం తిరిగి, కొంచెం పైకి జరిగి పుట్టిస్తుంది. వరుసలు మన కంటికి తరువాత కనిపిస్తాయి.

చేతితో తిప్పే టర్న్‌టేబుల్ మీద 360 డిగ్రీలు గుర్తించిన కాగితపు చక్రాన్ని అంటించి, పాత్రను దాని మీద సరిగ్గా నడిమధ్యన నిలపండి. పక్కన ఒక నిలువు కర్రను కదలకుండా బిగించి, దాని మీద మిల్లీమీటర్లు గుర్తించుకోండి. మొదటి చుక్కను సున్నా డిగ్రీల దగ్గర, పాత్ర అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన పెట్టండి. రెండవ చుక్క 137.5 డిగ్రీల దగ్గర, మొదటిదానికంటే 2 మి.మీ. పైన. మూడవది 275 దగ్గర, మరో 2 మి.మీ. పైన. నాలుగవది 52.5, ఐదవది 190, ఆరవది 327.5, ఏడవది 105, ఎనిమిదవది 242.5, తొమ్మిదవది 20. ప్రతిసారీ 137.5 కలిపి, 360 దాటితే 360 తీసివేస్తూ పోవడమే. కోణాన్ని ముందటి చుక్క నుంచి కొలవకుండా చక్రం మీది అంకె నుంచే తీసుకోవాలి. అలా చేస్తే చేతి పొరపాటు ఒక చుక్కతోనే ఆగిపోతుంది, తరువాతి చుక్కలకు పాకదు. గోడ లోపలికి వాలే చోట 2 మి.మీ. దూరాన్ని నిలువు కర్ర మీద కాకుండా గోడ వెంట కొలవండి.

తొమ్మిదవ చుక్కను మరొకసారి చూడండి. అది మొదటి చుక్కకు 20 డిగ్రీలు పక్కన, 16 మి.మీ. పైన పడింది. పద్నాలుగవ చుక్క 347.5 దగ్గర, అంటే మొదటిదానికి రెండవ వైపున 12.5 డిగ్రీల దూరంలో, 26 మి.మీ. పైన పడుతుంది. నడుము చుట్టుకొలత సుమారు 47 సెం.మీ. కాబట్టి, లెక్క వేస్తే ఈ రెండు చుక్కలూ మొదటి చుక్కకు దాదాపు సమాన దూరంలో, 3 సెం.మీ. అవతల ఉంటాయి. ఒక చుక్కకు ఎనిమిదవ తరం, అంటే దాని తరువాత ఎనిమిదవదిగా పుట్టిన చుక్క, ఒక పక్కన, పదమూడవ తరం మరో పక్కన పొరుగు అవుతాయి. పైన్ కాయలోని 8, 13 మెలికల వరుసలు ఇలా ఎవరూ గీయకుండానే పాత్ర మీద తేలుతాయి. పాత్ర మెడ దగ్గరికి వచ్చేసరికి చుట్టుకొలత 22 సెం.మీ.కు తగ్గుతుంది. నియమం మారకపోయినా చుక్కల మధ్య దూరం 2 సెం.మీ.కు దిగిపోతుంది, ఐదవ తరం పొరుగు దగ్గరవుతుంది, కాబట్టి అక్కడ కంటికి 5, 8 వరుసలు కనిపిస్తాయి. నడుము మీది మెలికలు మెడకు చేరేలోపు నిశ్శబ్దంగా తమ వాలు మార్చుకుంటాయి. ఇంత సూక్ష్మమైన మార్పును ముందుగా ఊహించి చేతితో గీయడం ఎవరికీ సాధ్యం కాదని నేను అనుకుంటున్నాను. నియమాన్ని నమ్మితే అది తానే వస్తుంది.

పొలుసు పరిమాణం కూడా దీనితోనే తేలుతుంది. చుట్టుకొలతను 2 మి.మీ.తో గుణిస్తే ఒక్కో పొలుసు వాటాకు వచ్చే జాగా తెలుస్తుంది. నడుము దగ్గర అది 9 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు, మెడ దగ్గర నాలుగున్నర లోపు. ఆ జాగాకు సరిపోయే పొలుసునే అక్కడ పెట్టాలి. 20 సెం.మీ. గోడకు మొత్తం 100 దాకా పొలుసులు అవసరమవుతాయి.

పొలుసులు చేయడం, వంచడం, అతికించడం

గోళీ అంత మట్టి ముద్దను అరచేతిలో గుండ్రంగా చేసి, ఒక వైపు బొటనవేలితో నొక్కుతూ లాగండి. మొదలు 5 మి.మీ. మందం ఉండి, అంచు 2 మి.మీ. దాకా పలచబడాలి. కట్టర్‌తో కోసిన పలకల మందం అంతటా ఒకటే ఉంటుంది కాబట్టి అవి అతికించినట్టే కనిపిస్తాయి, మొలిచినట్టు కనిపించవు. వేలి ముద్ర అంచు దాకా సాగిన పొలుసులో మట్టి ఏ వైపుకు కదిలిందో తెలుస్తుంది. ఆ గుర్తును స్పాంజితో తుడిచేయకండి.

అతికించే చోట గోడ మీదా, పొలుసు మొదట్లోనూ సూదితో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, మీగడ చిక్కదనం ఉన్న స్లిప్ పూసి, కొద్దిగా కదిలిస్తూ నొక్కండి. స్లిప్‌ను అదే మట్టితో చేసుకోవాలి. తరువాత పొలుసు కింది భాగంలోని మట్టిని చెక్క పనిముట్టుతో గోడలోకి దిద్దితే, గోడ ఉబ్బి పొలుసుగా మారినట్టు ఉంటుంది. పై వైపు సందును మాత్రం అలాగే వదిలేయాలి, ఎందుకంటే నీడ నిలిచేది అక్కడే. పని కింది నుంచి పైకి సాగాలి. పూర్తయిన భాగం మీద తడి గుడ్డ గానీ, ప్లాస్టిక్ గానీ కప్పుతూ ఉండాలి.

వంపు విషయానికి వస్తే, వేలితో వంచడం సులభమే గానీ 100 పొలుసుల్లోనూ అదే వంపు, అదే చేతి అలవాటు కనిపిస్తుంది. పైన్ కాయ చేసే పనినే మట్టితో చేయించవచ్చు. పోర్సిలిన్ వంటి ఎక్కువ కుదించుకుపోయే మట్టిని 2 మి.మీ. పలకగా, గ్రాగ్ ఉన్న మట్టిని మరో 2 మి.మీ. పలకగా పరచి, స్లిప్ రాసి ఒకదాని మీద ఒకటి వేసి అప్పడాల కర్రతో ఒత్తండి. ఈ జంట పలక ఎండేటప్పుడు ఎక్కువగా కుదించుకుపోయే మట్టి వైపు తనంతట తాను వంగుతుంది. ముందు 10 సెం.మీ. పొడవు పట్టీలు కోసి, మందాలు మార్చి చూసి, పొరలు విడిపోకుండా వంగే జోడీని ఎంచుకోండి. ఇందాక అతుకు విషయంలో ప్రమాదం అని చెప్పిన తేడానే ఇక్కడ పనిముట్టుగా వాడుకుంటున్నాము కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. గోడకు తగిలే మొదటి భాగంలో పోర్సిలిన్ పొరను గీకివేసి, గోడ మట్టే గోడ మట్టిని తాకేలా చూడాలి. ఇలా చేసిన పొలుసులు ఒక్కోటి ఒక్కో మోతాదులో విచ్చుకుంటాయి. తేమ ఎక్కువ సేపు నిలిచిన పక్కన తక్కువగా, గాలి తగిలిన పక్కన ఎక్కువగా. ఆ అసమానతే నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే ఇష్టమైన విషయం.

ఒకే రూపం వందలసార్లు, అదే స్పష్టతతో కావాలనుకునేవారు ప్లాస్టర్ అచ్చు చేసుకోవచ్చు. జపాన్‌లో పుట్టి లండన్‌లో పనిచేసే హితోమి హోసోనో అచ్చుల్లో నొక్కి తీసిన సన్నని పోర్సిలిన్ ఆకులను, రేకులను పొరలు పొరలుగా పాత్రల మీద అతికిస్తారు. ఆ పనిలో అచ్చు నుంచి వచ్చిన ఆకు మీద కూడా చేతితో చెక్కుడు ఉంటుంది. కుండల పనికి వాడే ప్లాస్టర్‌ను బరువు ప్రకారం 100 భాగాలకు 70 భాగాల నీరు చొప్పున కలపడం మామూలు. ప్లాస్టర్ తునక ఒక్కటి మట్టిలో కలిసినా, కాల్చిన తరువాత తేమ పీల్చి ఉబ్బి, పైపొరను చిట్లిస్తుంది కాబట్టి అచ్చు పని బల్లను మట్టి పని బల్లకు దూరంగా ఉంచాలి.

ఇక ఆకును మట్టి మీద పరచి ఒత్తడం గురించి ఒక మాట. చాలామంది దీనితోనే మొదలుపెట్టి దీని దగ్గరే ఆగిపోతారు. ఆకు అడుగు వైపు ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి కనుక ఆ వైపును ఒత్తితే గీతలు చక్కగా పడతాయి. కానీ మట్టి మీద మిగిలేది ఆకు ఆనవాలు మాత్రమే. ఈనె మొదట్లో లావుగా ఉండి చీలిన ప్రతిచోటా ఎందుకు సన్నబడిందో గమనించి, అదే క్రమంలో మీ చేతితో గీస్తే అది మీ పని అవుతుంది.

ఎండబెట్టడం

సన్నని అంచులు ముందుగా ఎండి, మందమైన గోడ ఇంకా తడిగా ఉంటే పగులు తప్పదు. కాబట్టి పాత్ర మొత్తాన్ని ప్లాస్టిక్‌తో వదులుగా కప్పి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే తేమ అంతటా సమం అవుతుంది. తరువాత రోజుకు కాస్త చొప్పున ప్లాస్టిక్ తొలగిస్తూ, ఒకటి రెండు వారాల్లో ఎండనివ్వండి. వంగే జంట పొలుసులు ఉంటే ఈ రోజుల్లో తరచుగా చూస్తూ, ఎక్కువగా విచ్చుకుంటున్న చోట తడి కాగితపు పట్టీని చుట్టి నెమ్మదింపజేయాలి. ఎండిందో లేదో తెలుసుకోవడానికి పాత్ర అడుగును చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా నీరు ఉన్నట్టే.

మొదటి కాల్పు

బిస్క్ కాల్పులో, అంటే గ్లేజ్ పూయకముందు చేసే మొదటి కాల్పులో, తొందర పనికిరాదు. 100 డిగ్రీల సెల్సియస్‌కు లోపలే, 80, 90 దగ్గర కొన్ని గంటలు నిలిపితే మిగిలిన నీరు నెమ్మదిగా ఆవిరైపోతుంది. అది లేకుండా వేడి పెంచితే లోపలి నీరు ఆవిరిగా మారి గోడను పేల్చేస్తుంది. ఆ తరువాత గంటకు 60 నుంచి 80 డిగ్రీల చొప్పున 600 దాకా వెళ్లాలి. సుమారు 450 నుంచి 600 మధ్య మట్టి కణాల్లో రసాయనికంగా కలిసి ఉన్న నీరు బయటపడుతుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటికాలు ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి, చల్లారేటప్పుడు అదే చోట అంతే వేగంగా సంకోచిస్తాయి. గోడకూ పొలుసులకూ మందం తేడా ఎక్కువ కాబట్టి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ స్థానాన్ని మెల్లగా దాటించాలి. 600 దాటాక వేగం పెంచి, 1000 డిగ్రీల దగ్గర ఆపండి. లోపలి వేడి 100కు దిగకముందు బట్టీ తలుపు తెరవవద్దు.

పైపూత: మట్టి మీద నాచు, రాయి, బూడిద

మెరిసే పచ్చ గ్లేజ్ పూసిన వెంటనే ఈ పాత్ర అలంకార వస్తువుగా మారిపోతుంది. పొలుసుల అంచులు, వేలి గుర్తులు గ్లేజ్ కింద మునిగిపోతాయి. అందుకే గ్లేజ్‌ను ఎంచుకునేటప్పుడు కూడా అది ఎలా కనిపిస్తుందని కాక, అది ఏమి చేస్తుందని అడగాలి.

బండల మీద పాకే లైకెన్‌ను తలపించే పగుళ్ల గ్లేజ్ ఇక్కడ బాగా నప్పుతుంది. అందులో మెగ్నీషియం కార్బొనేట్ ఎక్కువగా ఉంటుంది. చాలా తేలికైన ఆ పొడి నీటిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి పూత ఎండేటప్పుడు ఎక్కువగా కుదించుకుపోయి, ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విడుస్తుంది. బట్టీలో కరిగినప్పుడు దాని తలతన్యత ఎక్కువ కనుక ఆ ముక్కలు పరచుకోకుండా తమలోకి తాము ముడుచుకొని దీవుల్లా నిలుస్తాయి. నెఫిలీన్ సైనైట్ (బట్టీలో కరిగే రాతి పొడి) 70 భాగాలు, మెగ్నీషియం కార్బొనేట్ 25, బాల్ క్లే (సన్నని, జిగురైన మట్టి) 5 అనే పాళ్లతో పరీక్ష మొదలుపెట్టి, మెగ్నీషియం పాలు పెంచుతూ తగ్గిస్తూ నాలుగైదు పలకలు కాల్చి చూడండి. పూత పలచగా ఉంటే నెర్రెలు రావు. మరీ మందమైతే ముక్కలు బట్టీలో రాలిపోతాయి. పూతకు ముందు బిస్క్ మీద 5 నుంచి 8 శాతం ఎర్ర ఐరన్ ఆక్సైడ్ కలిపిన ముదురు స్లిప్‌ను పలచగా పూస్తే, దీవుల మధ్య సందుల్లో గోధుమ నలుపు నేల కనిపిస్తుంది. మొత్తం పాత్ర మీద కాకుండా, వాన నీరు నిలిచే చోట లైకెన్ పెరిగినట్టు, పొలుసుల పై సందుల్లోనూ ఒక పక్కనా మాత్రమే పూయమని నా సలహా. ఈ పగుళ్ల పూతను ఆహారం తగిలే చోట వాడకూడదు. పాత్ర లోపల పూయాలనుకుంటే స్థిరమైన, నున్నని గ్లేజ్‌ను ఎంచుకోండి.

కట్టె బూడిదతో చేసే గ్లేజ్ మరొక దారి, బహుశా ఈ విషయానికి అన్నిటికంటే దగ్గరి దారి, ఎందుకంటే చెట్టు నేలలో నుంచి తీసుకున్న కాల్షియం, పొటాషియం వంటివి బూడిదలో మిగిలి, బట్టీలో మట్టిని కరిగించి గాజుగా మారుస్తాయి. బూడిద 40, ఫెల్డ్‌స్పార్ (బట్టీలో కరిగే మరొక రాతి పొడి) 40, మట్టి 20 భాగాలు అనేవి చాలాకాలంగా వాడుకలో ఉన్న మొదటి పాళ్లు. దీనికి 1260 నుంచి 1280 డిగ్రీల వేడి, దానిని తట్టుకునే మట్టి కావాలి. చెట్టు మారితే, అదే చెట్టులో కొమ్మకూ బెరడుకూ కూడా, బూడిద గుణం మారుతుంది, కాబట్టి ఒకసారి జల్లెడ పట్టిన బూడిదను పనికి సరిపడా ఒకేచోట నిల్వ చేసుకోండి. తడి బూడిద చర్మాన్ని కాలుస్తుంది, చేతి తొడుగులు తప్పనిసరి. ఈ గ్లేజ్ ధారలుగా కిందికి జారుతుంది. పొలుసు అంచు దగ్గర పలచబడి గోధుమ రంగు తేలి, సందులో చేరినచోట చిక్కబడి నిండు రంగు పట్టడం చూడటానికి ఎంతో బాగుంటుంది. ఆ జారుడు కారణంగానే పాత్ర అడుగున 2 సెం.మీ. మేర పూత లేకుండా వదలాలి. ఎలక్ట్రిక్ బట్టీలో 2, 3 శాతం కాపర్ కార్బొనేట్ కలిపితే పచ్చదనం వస్తుంది.

బ్రిటిష్ కళాకారిణి కేట్ మెలోన్ గుమ్మడి, సొరకాయల వంటి ఉబ్బిన రూపాల మీద స్ఫటిక గ్లేజులు వాడతారు. జింక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉన్న గ్లేజ్ కరిగి చల్లారే దారిలో కొన్ని గంటలు ఒకే వేడి దగ్గర నిలిపినప్పుడు, జింక్ సిలికేట్ స్ఫటికాలు పువ్వుల్లా విచ్చుకుంటాయి. అవి నున్నని, విశాలమైన తలం మీదే బాగా పెరుగుతాయి కాబట్టి మన పొలుసుల పాత్రకు నప్పవు.

పొలుసులను పోర్సిలిన్‌తో చేసినవారు గ్లేజ్ పూర్తిగా మానేయవచ్చు. కాల్చిన తరువాత 400 నంబరు నీటి ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి, క్రమంగా నున్నని కాగితాలతో నీళ్లలోనే రుద్దితే గుల్ల లోపలి భాగం లాంటి మృదువైన మెరుపు వస్తుంది.

రెండవ కాల్పు

మట్టికీ గ్లేజ్‌కీ తగిన వేడిని పైరోమెట్రిక్ కోన్‌తో (నిర్ణీత వేడికి మెత్తబడి వంగే చిన్న సిరామిక్ ముక్కతో) సరిచూసుకోవాలి; కోన్ 6కు వేడి పెంచే వేగాన్ని బట్టి అది సుమారు 1220 నుంచి 1240 డిగ్రీలు. ఆ వేడిలో మట్టి కొద్దిగా మెత్తబడుతుంది, బయటికి అడ్డంగా చాచిన పొలుసులు వాలిపోతాయి. పైకి లేచి ఉన్నవి నిలుస్తాయి. అందుకే అతికించేటప్పుడే పొలుసులను గోడకు 45 డిగ్రీలకు మించకుండా తెరిచి పెట్టాలి. తప్పనిసరిగా చాచినవి ఉంటే వాటి కింద సిరామిక్ ఫైబర్ ముక్కలు ఆధారంగా పెట్టండి. ఫైబర్‌ను తాకేటప్పుడు మాస్క్, తొడుగులు ఉండాలి. చివరి 100 డిగ్రీలు నెమ్మదిగా ఎక్కించి, పై స్థాయిలో 10, 15 నిమిషాలు నిలిపి ఆపండి.

ఊపిరితిత్తుల గురించి

మట్టి పొడిలోనూ, గ్లేజ్ పొడుల్లోనూ ఉండే సన్నని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్ వస్తుంది. నేలను చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవాలి, ఎండిన మట్టిని గీకకూడదు, పొడులు తూచేటప్పుడు N95 స్థాయి మాస్క్ పెట్టుకోవాలి. బట్టీ ఉన్న గదికి గాలి బయటికి పోయే మార్గం ఉండాలి. ఎండు కాయలను, బీరకాయ పీచును స్లిప్‌లో పలుమార్లు ముంచి, ఆరబెట్టి, కాల్చి, లోపలి వస్తువు బూడిదై పై పెంకు మాత్రం మిగిలేలా చేసే పద్ధతిని ప్రయత్నించేవారికి ఈ మాట మరింత వర్తిస్తుంది. అవి కాలేటప్పుడు పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది.

తరువాతి పాత్రకు ఏమి మార్చాలి

మొదటి పాత్ర బయటికి వచ్చిన తరువాత రూపాన్ని మార్చాలన్న ఆతురత కలుగుతుంది. రూపాన్ని అలాగే ఉంచి, నియమంలో ఒక్క అంకెను మార్చమని నా సూచన. పెరుగుదలను 2 మి.మీ. నుంచి 4కు పెంచితే పొలుసుకు రెట్టింపు జాగా వస్తుంది, సంఖ్య సగమవుతుంది, నడుము మీద కూడా 5, 8 వరుసలే కనిపిస్తాయి. కోణాన్ని 135కు మారిస్తే ఎనిమిది అడుగుల తరువాత చుక్క సరిగ్గా మొదటిదాని నెత్తిన పడుతుంది, మెలికలు మాయమై ఎనిమిది నిలువు కట్లు తేలతాయి. అవి నాగజెముడు జాతి మొక్కల ఒంటి మీది గట్లను గుర్తుకు తెస్తాయి. 144 డిగ్రీలు అయితే అలాంటి కట్లు ఐదు వస్తాయి. ప్రతి పాత్రకూ కోణం, పెరుగుదల, మట్టి కుదింపు శాతం, గ్లేజ్ పాళ్లు, కాల్పు పట్టిక ఒకే పుటలో రాసి, ఆ పాత్రతో పాటు కాల్చిన పరీక్ష పలకకు అదే అంకె వేసి దాచుకోండి.